దారం చుట్టిన బోల్టు

బోల్టును ముందు వేళ్ళతో మూడు చుట్లు తిప్పకుండా నేరుగా పానా పెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ముప్పై నాలుగేళ్ళు బొగ్గుబాయిలో ఫిట్టరుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి, నా కోపాలన్నీ ఈ బాపతువే. పానాకు పైపు తొడిగి లాగేవాళ్ళు, నట్టును కటింగ్ ప్లేయరుతో కొరికేవాళ్ళు, పనంతా అయ్యాక ఒక బోల్టు మిగిలితే చుట్టూ చూసి జేబులో వేసుకునేవాళ్ళు, వీళ్ళెవరితోనూ నాకు పొసగదు. "నీకు మనుషులకంటె నట్లతోనే దోస్తానా ఎక్కువ" అనేది నా భార్య. ఆమె పోయి నాలుగేళ్ళు దాటింది. మాకు పిల్లలు లేరు. ఇప్పుడు నట్లు కూడా పెద్దగా లేవు.

బెల్లంపల్లిలో నేనుండే వరుసలో పన్నెండు ఇళ్ళుంటే మూడింట్లోనే మనుషులున్నారు. బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, పనివాళ్ళను వేరే ఊళ్ళకు బదిలీ చేశారు, ఖాళీ ఇళ్ళ తలుపులు ఎవరో ఊడదీసుకుపోయారు. పొద్దున పాల ప్యాకెట్ కోసం దుకాణానికి పోతే అక్కడి ఆమె "ఒక్కటేనా?" అని అడుగుతుంది. రోజూ అడుగుతుంది, రోజూ ఒక్కటే. చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో రిటైరైనవాళ్ళు కూర్చుంటారు గానీ వాళ్ళ మాటలు రెండే: పెన్షన్ ఎందుకు పెరగలేదు, ఈ వారం ఎవరు పోయారు. నాకు విసుగొచ్చి లేచి వచ్చేస్తాను. ఇంట్లో ఫోన్ మోగితే మాత్రం తడబడుతూ పరుగెత్తి తీస్తాను. ఒకసారి ఎవరో అమ్మాయి, లోన్ కావాలా సార్ అని అడిగింది. వద్దని వెంటనే పెట్టెయ్యబుద్ధి కాలేదు. "నీదే ఊరు బిడ్డా?" అన్నాను. ఆమే పెట్టేసింది.

నన్ను రమ్మని పిలిచే ఇల్లు లోకంలో ఒక్కటే ఉండేది. ఆ పిలుపు ఆగిపోకూడదని నేను చేసిన పని గురించే ఇప్పుడు రాస్తున్నాను. గొప్పగా చెప్పుకునేదేమీ కాదు.

ఆ ఇల్లు ఖానాపూర్ దగ్గరి పల్లెలో ఉంది. ఇంటాయన నాతో ఇరవై ఆరేళ్ళు ఒకే షిఫ్టులో పనిచేశాడు. నేను ఫిట్టరు, అతను నా జోడీ. బోల్టుకు ఇవతల నేను పానా పెడితే అవతల అతను పట్టేవాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. తమ్ముడనే రాస్తాను, రక్తసంబంధమేమీ లేదు. బొగ్గుబాయి ఊళ్ళలో ఎక్కడెక్కడి మనుషులో వచ్చి పడతారు, పక్కింటివాళ్ళే చుట్టాలవుతారు. అతను నన్ను అన్న అనేవాడు, అతని భార్య కూడా అన్న అనే పిలిచేది. ఇద్దరికీ అన్న అయితే మీ ఇద్దరి వరుస ఏమైతదే అని కాలనీ ఆడవాళ్ళు ఆటపట్టిస్తే, "మా ఆయనకు ఏమైతడో నాకు తెల్వదు, నాకైతే సొంత అన్న" అని మూతి తిప్పుకునేది.

తమ్ముడు గడువుకు ముందే ఉద్యోగం వదిలి సొంతూరికి పోయి వ్యవసాయంలో దిగాడు. వరి, కొంచెం పసుపు. ఎవరో వదిలించుకోవాలని చూస్తున్న పాత ట్రాక్టరు ఒకటి కొన్నాడు. ఎప్పుడో విదేశం నుంచి దిగిన తరం బండి. దాన్ని తయారుచేసిన కంపెనీయే ఇప్పుడు లేదు, సామాను నిర్మల్ లోనూ దొరకదు, కరీంనగర్ లోనూ దొరకదు. "గీ బండికి నువ్వూ నేనూ తప్ప దిక్కు లేదన్నా" అని నవ్వేవాడు.

ఆ బండి డీజిల్ ఫిల్టరుకు అల్యూమినియం మూత ఒకటుంటుంది. దాని నెత్తిన చిటికెనవేలంత బోల్టు. డీజిల్ అయిపోయి పైపుల్లోకి గాలి చేరితే ఇంజను ఆగిపోతుంది. అప్పుడు ఆ బోల్టు వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయి ఉత్త డీజిల్ వచ్చేదాకా చూసి మళ్ళీ బిగించాలి. ఎయిర్ తీయడం అంటారు. పెట్రోలు బండికి కార్బొరేటర్ ఎంత సుకుమారమో ఈ మూత అంత సుకుమారం. వేళ్ళతో బిగించి, ఆపైన పానాతో ఒక అరచుట్టు తిప్పితే చాలు.

తమ్ముడిదేమో బాయి చెయ్యి. బాయిలో అన్నీ పెద్ద పెద్ద ఇనుప బోల్టులు. ఒక్కటి వదులైతే బొగ్గుటబ్బులు తెగిపోయి వాలులో మనుషుల మీదికి దొర్లుతాయి. అందుకని అక్కడ పానా పట్టామంటే ఒంటి బరువంతా దాని మీద వేలాడదీస్తాం. ఆ అలవాటుతో ఈ అల్యూమినియం మూత మీద వేలాడాడు. మెత్తటి లోహం, లోపలి మర మొత్తం తురుములా ఊడి బోల్టుతో పాటు బయటికి వచ్చింది. ఈ ట్రాక్టరును ఊళ్ళో ఏ రైతు చేతికిచ్చినా ఆ మర పోయేది కాదు. మర పోగొట్టడానికి ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్న మనిషే కావలసి వచ్చింది.

"అన్నా, జర ఒకసారి రా. బండి గాలి గుంజుతున్నది" అని ఫోన్ చేశాడు. నా భార్య పోయి అప్పటికి ఏడాది. జరిగింది వినగానే, "అది టబ్బులు గుంజే హాలేజీ డ్రమ్మనుకున్నవా, అంత గనం బిగిస్తవా!" అని గట్టిగా తిట్టాను. తిడుతూనే ఒక చేత్తో సంచీలో పానాలు సర్దుకుంటున్నాను. మంచిర్యాలలో ఖానాపూర్ బస్సెక్కాను. లక్సెట్టిపేట, జన్నారం, ఆ పైన అడవి. కిటికీ పక్కన సీటు దొరికింది. ఏడాది తరువాత ఆ రోజు నాకు సంతోషంగా ఉంది. ఒకరి బండి ఖరాబైందని సంతోషపడటం ఏం బుద్ధో గానీ, ఉన్నమాట అదే.

మూత చూశాను. మరమ్మతు పెద్ద కష్టమేమీ కాదు. పాత రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, ట్యాపుతో కొత్త మర కోసి, అందులో ఇత్తడి బుష్ బిగించాలి. బుష్ అంటే చిన్న గొట్టంలాంటిది, దానికి బయటా మర, లోపలా మర. లోపలి మరలో పాత బోల్టు కూర్చుంటుంది. ఇత్తడి అల్యూమినియం కంటే గట్టిది కాబట్టి ఇక ఆ మర పోదు. కానీ ఆ రోజు నా దగ్గర ఆ సైజు ట్యాపు లేదు, బుష్ లేదు. అందుకని బోల్టుకు నూలుదారం పన్నెండు చుట్లు చుట్టి, బట్టల సబ్బు మెత్తగా పామి, అదిమి బిగించాను. సబ్బు డీజిల్లో కరగదు. బండి నడిచింది.

తరువాత నా చేతి తువాల అంచు చింపి ఒక పేలికను ఆ మూతకు కట్టాను.

ఇది బాయిలో మా పద్ధతి. అక్కడ కచ్చా పని చేయడం తప్పు కాదు. సామాను పైనుంచి వచ్చేదాకా ఏ తీగో చుట్టి నడిపించక తప్పదు. కానీ అలా చేసినచోట ఒక గుడ్డపేలిక కట్టి రావాలి. తరువాతి షిఫ్టువాడి టోపీలైటు దాని మీద పడగానే, ఇక్కడ నమ్మొద్దు, భారం వెయ్యొద్దు అని తెలుసుకుంటాడు. పక్కా పని అయ్యాకే గుడ్డ విప్పాలి. కొత్తగా చేరిన రోజుల్లో నేను ఒకసారి గుడ్డ కట్టడం మరిచిపోయి పైకి వచ్చేశాను. మా పెద్ద ఫిట్టరు అందరి ముందు నా చెంప పగలగొట్టి, తన బనీను చింపి ఆ ముక్క నా చేతిలో పెట్టి, మళ్ళీ లోపలికి పంపించాడు. కచ్చా పని చేసినవాణ్ణి బాయిలో ఎవరూ ఏమీ అనరు. గుడ్డ విషయంలో తప్పు చేసినవాడితో మాత్రం ఎవరూ జోడీగా దిగరు.

"వచ్చే నెల వచ్చి పక్కా చేస్త. అప్పటిదాక బరువులు మొయ్యకు" అని చెప్పి బయలుదేరాను. తిరుగుదారిలో లక్సెట్టిపేటలో దిగి లేత్ దుకాణంలో ఇత్తడి బుష్ చేయించాను. కొలత మూడుసార్లు సరిచూసుకున్నాను. లేత్ ఆయన విసుక్కుని, "పెద్దాయనా, ఇది ఉంగరం కాదు గదా" అన్నాడు. ఉంగరమైతే నేను అంత పట్టించుకునేవాణ్ణి కాదు. బుష్ ను అగ్గిపెట్టెలో దూదిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

నెల తిరగ్గానే పోయాను. అంగీ జేబులో అగ్గిపెట్టె, సంచీలో ట్యాపు, డ్రిల్లు. గంట పని. కానీ ముందు తినమన్నారు. తమ్ముడి భార్య, నాకు చెల్లె, జొన్నరొట్టెలు చేసింది, పచ్చిపులుసు చేసింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, "ఇంకోటి ఎయ్యనా? ఇట్ల సగం తిని లేస్తవా?" అని కోప్పడుతోంది. నా పళ్ళెంలో ఎంత మిగిలిందో చూసి కోప్పడిన మనిషిని చూసి ఏడాది దాటింది. నీళ్ళు తాగాను.

అప్పుడు తమ్ముడు నవ్వుతూ ఒక మాట అన్నాడు. "గీ బండి గిట్ల పక్కా చేసినవంటే మళ్ళ నీ మొకం ఎప్పుడు కనవడ్తదే అన్నా?"

ఊరికే అన్నాడు. మనుషులు అనే మాటే. చెల్లె కూడా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాలో దిగింది. నిజమే కదా, పక్కా చేస్తే వీళ్ళు నన్ను దేనికి పిలుస్తారు? మామూలు మనుషులకు ఇది పెద్ద చిక్కు కాదు. బస్సెక్కి పోయి, చూడబుద్ధైంది వచ్చిన అంటారు. నాకు ఆ విద్య రాదు. పుట్టి బుద్ధెరిగి నేను పని లేకుండా ఎవరి గడపా తొక్కలేదు. పెళ్ళిళ్ళకు పోయినా అక్కడి జనరేటరు దగ్గరే నిలబడేవాణ్ణి.

తిని లేచి ట్రాక్టరు దగ్గరికి పోయాను. తమ్ముడు గడ్డివాము వైపు పోయి ఉన్నాడు. పాత దారం తీసేసి కొత్త దారం పన్నెండు చుట్లు చుట్టాను, సబ్బు రాశాను, బిగించాను. జేబులో అగ్గిపెట్టె ఛాతీకి తగులుతూనే ఉంది. తరువాత మూతకు కట్టిన గుడ్డపేలిక విప్పాను.

"అయిందా అన్నా?" అని వచ్చాడు తమ్ముడు. విప్పిన గుడ్డ నా చేతిలో చూశాడు.

"అయింది" అన్నాను.

అతను మూత వైపు వంగి కూడా చూడలేదు. గుడ్డ విప్పింది నేను, ఇంకేం చూడాలి?

అలా మొదలైంది. నూలుదారం రెండు నెలలు ఆగుతుంది, రెండున్నర అనుకోవచ్చు. అది తడిసి నానగానే బండి మళ్ళీ గాలి గుంజుతుంది, నా ఫోన్ మోగుతుంది. నేను పోయి మూత చూసి తల ఊపి, "లోహం పాతది తమ్మీ, మర నిలవడ్తలేదు" అనేవాణ్ణి. ఎంత తేలిగ్గా నోటికొచ్చేదో. రొట్టెలు తినేవాణ్ణి, బాయి ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళం, ఎవడు ఎప్పుడు ఎలా జారిపడ్డాడో తలుచుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వేవాళ్ళం. సాయంత్రానికి మళ్ళీ దారం చుట్టి వచ్చేసేవాణ్ణి. ఇంట్లో కిటికీ గూట్లో అగ్గిపెట్టె అలాగే ఉండేది. దుమ్ము తుడిచేటప్పుడు దాన్ని ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేవాణ్ణి. రెండేళ్ళు దాటింది ఇలా. నా చేతితో నేను చేసిన పనుల్లో ఇంత చెత్త పని ఇంకోటి లేదు, అంత జాగ్రత్తగా చేసిన పని కూడా ఇంకోటి లేదు.

కిందటి చలికాలం నాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు. నీళ్ళ బిందె దగ్గరికి గోడ పట్టుకుని పోయాను. తలుపు ఎవరూ తట్టలేదు. నాలుగో రోజు దుకాణానికి పోతే పాల ఆమె "మూడు దినాల సంది కనవడ్తలేవు" అని ప్యాకెట్ ఇచ్చింది. ఒక్కటేనా అని మాత్రం ఆ రోజు అడగలేదు. ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. నేను చచ్చిపోయి ఉంటే ఎన్నో రోజుకు తెలిసేదో లెక్క వేసుకున్నాను.

ఆ తరువాత పిలుపు వచ్చినప్పుడు పోయి, పన్నెండు చుట్లు చుట్టాల్సినచోట నాలుగు చుట్లే చుట్టాను. దారం తక్కువై కాదు. రెండు నెలలు ఆగే ఓపిక లేక.

ఎండాకాలం, యాసంగి వరికోతలప్పుడు ఫోన్ వచ్చింది. ఈసారి తమ్ముడు "జర రా" అనలేదు. "బండి కాలువ కట్ట మీద ఆగిపోయిందన్నా. ఈమె ట్రాలీ మీదికెల్లి పడ్డది. చెయ్యి ఇరిగింది" అని చెప్పి పెట్టేశాడు.

పోయాక తెలిసింది. వడ్లు నింపుకుని కొనుగోలు సెంటరుకు బయలుదేరారు. మబ్బు పట్టింది. కాలువ కట్ట ఎక్కుతుండగా ఇంజను ఆగింది. తమ్ముడు దిగి ఎయిర్ తీసి బిగిద్దామంటే బోల్టు ఎంత తిప్పినా పట్టడం లేదు, తిరుగుతూనే ఉంది. గాలి, వెంటనే వాన. వడ్ల మీద పరదా లేచిపోతుంటే చెల్లె ట్రాలీ ఎక్కింది. పరదా మూల పట్టుకుని గుంజి కడుతుంటే తడి ఇనుము మీద కాలు జారింది. వడ్లు సగం తడిసిపోయాయి. ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

నేను వెళ్ళేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతికి మోచేయి దాకా సిమెంటు కట్టు. నన్ను చూసి లేవబోయి, నొప్పికి మళ్ళీ కూర్చుంది. "రొట్టె చేసేటట్టు లేదన్నా ఈసారి. అన్నమే తినాలె" అంది. నా చేత్తో నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది. కట్టు మీద ఎవరో పసుపు చేతులతో పట్టుకున్న మరకలున్నాయి. నేను ఆ మరకలే చూస్తూ నిలబడ్డాను, ముఖం చూడలేకపోయాను.

తమ్ముడు పాత ఇనుము కొనేవాడికి కబురు పెట్టాడట. "ఇగ వద్దన్నా గీ బండి. మనిషి ప్రాణం మీదికి తెచ్చింది" అన్నాడు. బండి ఏం చేసింది పాపం.

"ఒక్క దినం ఆగు తమ్మీ" అని ట్రాక్టరు దగ్గరికి పోయాను. అతనూ వెనకే వచ్చాడు. నేను సంచీ విప్పుతుండగా అతనే వంగి ఆ బోల్టును రెండు వేళ్ళతో పైకి తీశాడు. పానా కూడా అవసరం పడలేదు. బోల్టుకు నల్లబడ్డ దారం వేలాడుతోంది. గోటితో దాన్ని విప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు. మూత రంధ్రంలో వేలు పెట్టి తిప్పి చూశాడు. అక్కడ కొత్త మర లేదు, ఎన్నడూ కోసింది లేదు. ఇరవై ఆరేళ్ళు నా ఎదురుగా పానా పట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తిడతాడనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. దారాన్ని నా చేతిలో పెట్టి మెల్లగా అడిగాడు.

"గుడ్డ ఎందుకు ఇప్పినవే అన్నా?"

ఏమని చెప్పాలి? నీ ఇంట్లో రొట్టె తినాలని ఇప్పిన అనాలా? అతను జవాబు కోసం కాసేపు చూసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ పని ఒక్కణ్నే చేశాను. మూత విప్పి డీజిల్లో కడిగి, ఎండలో తుడిచి, రాతి మీద చెక్కల మధ్య బిగించుకున్నాను. పాత రంధ్రాన్ని డ్రిల్లుతో నిటారుగా పెద్దది చేశాను. ట్యాపుకు చుక్క చుక్క డీజిల్ వేస్తూ అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి తిప్పాను. అలా తిప్పితేనే తురుము విరిగి బయటికొస్తుంది, లేకపోతే కొత్త మరనే కొరికేస్తుంది. అగ్గిపెట్టె తీశాను. బుష్ ఒక్క మరక లేకుండా కొత్తగా ఉంది. వేళ్ళతోనే లోపలికి దిగింది, కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. అది కదలకుండా అంచు మీద నాలుగుచోట్ల పంచుతో కొట్టాను. కొడుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఆ బుష్ ఇక ఊడదు. ఈ ఇంటివాళ్ళకు నాతో ఇక అవసరం పడదు. రెండేళ్ళకు పైగా నేను భయపడిందేదో దాన్ని నా చేతులతోనే బిగిస్తున్నాను. పని మొత్తానికి గంట కూడా పట్టలేదు.

బండి స్టార్ట్ చేశాను. తమ్ముడు వచ్చి ఎక్కి వాకిలి చుట్టూ రెండుసార్లు తిప్పి ఆపాడు. "మంచిగున్నది" అన్నాడు. ఇనుము కొనేవాణ్ణి రావద్దని చెప్తానన్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. నేను చెల్లెకు పోయొస్తనని చెప్పి వచ్చేశాను. అన్నం తినలేదు. ఆమె తినమంది, నాకే ముఖం చెల్లలేదు.

తరువాత ఫోన్ మోగలేదు. నెల, రెండు నెలలు, మూడు. నా పని అంత పక్కాగా ఉందన్నమాట. చేతికట్టు విప్పారో లేదో, వేళ్ళు ఆడుతున్నాయో లేదో తెలియదు. ఎన్నోసార్లు నంబరు తీసి చూసి పక్కన పెట్టాను. చెయ్యి ఎట్లుంది అని అడిగే హక్కు ఎవరికైనా ఉంటుంది గానీ, విరగ్గొట్టినవాడికి ఎలా ఉంటుంది? ఇంట్లో ఉన్న నట్లూ బోల్టులూ అన్నీ సైజుల వారీగా డబ్బాల్లో వేశాను. మళ్ళీ అన్నీ కుమ్మరించి మళ్ళీ ఏరాను. ఒకరోజు పొద్దున పాల దుకాణంలో ఆమె అడగకముందే "ఒక్కటే" అని గట్టిగా అరిచాను. ఆమె బెదిరిపోయింది. ఆ అరుపు విని నాకే భయమేసింది. ఇంటికి పోకుండా అటు నుంచి అటే బస్టాండుకు నడిచాను. చేతిలో పాల ప్యాకెట్ ఉంది. మంచిర్యాలలో దాన్ని ఒక చాయ్ బండి ఆయనకు ఇచ్చేసి ఖానాపూర్ బస్సెక్కాను.

చెల్లె ముందరింట్లో మక్కకంకులు ఒలుస్తోంది. కట్టు విప్పేశారు. మణికట్టు దగ్గర ఎముక కొంచెం వంకరగా అతుక్కుంది. కంకిని కుడిచేత్తో ఊరికే ఆనించి, పొట్టంతా ఎడమచేత్తోనే గుంజుతోంది. నన్ను చూసి ఆగింది. తమ్ముడు చేనుకు పోయాడని చెప్పింది.

"బండి మంచిగనే నడుస్తున్నదన్నా. ఏం పని మీద వచ్చినవ్?"

ఎగతాళి కాదు. నేను ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా పనిమీదే వచ్చాను కాబట్టి అడిగింది. వాకిట్లోనే నిలబడి చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"పనేం లేదు చెల్లె. నీ చెయ్యి ఇరిగింది నాతోనే. బండిల ఎయ్యాల్సిన బుష్ మొదటి సంవత్సరమే చేపిచ్చిన. రెండేండ్లకెక్కువ ఇంట్లనే పెట్టుకున్న. ఉత్త దారం చుట్టి, పక్కా అయిందని మీకు అబద్ధం చెప్పిన. బండి ఖరాబైతెనే మీరు నన్ను పిలుస్తరని. ఒక్కణ్ని ఉండలేకపోతున్న."

ఈ చివరి మాట నా నోటి నుంచి అంతవరకు ఎవరి ముందూ రాలేదు. నా భార్య పోయిన రోజున కూడా రాలేదు.

ఆమె చేతిలో కంకిని పూర్తిగా ఒలిచి పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది.

"నాకెర్కే అన్నా. ఆ దినమే చెప్పిండు ఆయన."

"మరి ఒక్క మాటన్న అనకపోతిరి?"

"తిడ్దామనే చూసినం" అంది తల ఎత్తకుండా. "నువ్వు రాకపోతివి."

అక్కడున్న మంచం వైపు గడ్డంతో చూపించింది. కూర్చున్నాను. కాసేపటికి నేనూ ఒక కంకి తీసి ఒలవబోతే, "ఉండనీ, నేను చేసుకుంట" అని నా చేతిలోంచి తీసేసుకుంది. కోపమో, చుట్టానికి పని చెప్పొద్దనో, నాకు తెలియలేదు. ఉత్త చేతులతో కూర్చున్నాను.

పొద్దు వాలేవేళకు ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ఇంజను చక్కగా పలుకుతోంది, ఎక్కడా గాలి లేదు. తమ్ముడు దిగి వస్తూ నన్ను చూసి గడప దగ్గరే ఆగాడు. నన్ను అడగలేదు, భార్యను అడిగాడు.

"ఏం ఖరాబైంది?"

"ఏం ఖరాబ్ కాలే" అందామె. "ఉత్తగనే వచ్చిండు."

తమ్ముడు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చి తువాలతో ముఖం తుడుచుకుని, మంచానికి రెండో చివర కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్య విప్పాల్సిన బోల్టు గానీ, పట్టాల్సిన పానా గానీ లేకుండా కూర్చోవడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. అయినా నేను లేవలేదు.